ఇంటి మరమ్మతుకు అప్పు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశం, మార్చి 2025 – ఒక సంఘం లీడరు ప్రసంగ పాఠం)

 

మాకు మైకు కొత్త. పదో తరగతితో ఆగినవాళ్లం, పుస్తకాల భాష రాదు. తీర్మానాల పుస్తకం రాసీ రాసీ వచ్చిన తెలుగే మా తెలుగు. తప్పులుంటే సర్దుకోండి.

పోయినసారి ఈ సభలో మా సంఘం వసూళ్లు నూటికి నూరు అని చెప్పుకున్నాం. మీరందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి చప్పట్ల కోసం రాలేదు. మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా సంఘంలో ఎవరికి ఆ కష్టం వచ్చిందో ఆమె ఈ సభలోనే కూర్చుని ఉంది. "నా పేరు వద్దు గానీ జరిగింది మొత్తం చెప్పండి అక్కా, దాచొద్దు" అని ఆమే అంది. అందుకని చెబుతున్నాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్లకు దగ్గరలో తీరం దాటింది. మీకు చెప్పక్కర్లేదు, మన హార్బరులో 10వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110 దాకా వీచిందని తర్వాత చెప్పారు. మనలో చాలామందికి ప్రాణాలు దక్కాయి, ఇళ్లు కూడా నిలబడ్డాయి. ఆమె రేకుల ఇల్లూ నిలబడింది. కానీ ముందు వసారా రేకులు కొంచెం జరిగాయి. జరిగిన రేకు అంచు, స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుకు ఆనుకుంది. గాలి వచ్చినప్పుడల్లా రాచుకుంటోంది. అది ఆమె చూసింది. చూసి, జనవరి మీటింగులో మూడు వేలు అంతర్గత అప్పు అడిగింది. వైరు మార్పించుకోవాలి, రేకులు బిగించుకోవాలి అంది.

మేం ఇవ్వలేదు. ఆమెకు పాత అప్పులో రెండు వాయిదాలు ఉన్నాయి, అది ఒక కారణం. రెండోది, మాలో ఒకరు అన్నారు, "ఇంటి రిపేరుకు అప్పిస్తే అది తిరిగి ఎట్లా వస్తుంది? గేదెకిస్తే పాలొస్తాయి, ఎండు చేపల వ్యాపారానికిస్తే లాభం వస్తుంది, రేకుకిస్తే ఏమొస్తుంది?" అని. అందరం తలూపాం. తీర్మానాల పుస్తకంలో "ఆదాయం వచ్చే పని కానందున వాయిదా వేయడమైనది" అని రాశాం. ఆ రాత మాదే.

జూలైలో, అప్పటికి వేట నిషేధం అయిపోయి నెల కూడా కాలేదు, ముసురు పట్టింది. రాచుకుని రాచుకుని వైరు మీద తొడుగు పోయింది. రేకుకు కరెంటు వచ్చింది, రేకు నుంచి ఇనుప గుంజకు, గుంజకు కట్టిన దండెం తీగకు వచ్చింది. ఆమె భర్త వేట నుంచి వచ్చి తడి లుంగీ ఆరేయబోయాడు. చెయ్యి తీగకు పట్టేసింది. ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్ల ఉంది. ఆ పిల్ల నాన్న మీద పడి లాగకుండా, లోపలికి పరుగెత్తి మెయిన్ కట్టేసింది. బళ్లో చెప్పారట, కరెంటు పట్టిన మనిషిని ముట్టుకోకూడదని. లాగి ఉంటే ఇద్దరూ పోయేవాళ్లు.

మనిషి బతికాడు. కుడి చెయ్యి కాలింది. ఆస్పత్రి ఖర్చు, మందులు, తిరుగుళ్లు. వేట బాగా పడే రోజుల్లో రెండు నెలలకు పైగా బోటు ఎక్కలేదు. మేం పరుగెత్తుకెళ్లి అదే మీటింగు డబ్బులోంచి ఇరవై ఐదు వేలు ఇచ్చాం. అది చాలక ఆమె బయట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఆ వడ్డీ ఇంకా కడుతోంది. మూడు వేలు ఇవ్వమన్న తీర్మానం, ఇరవై ఐదు వేలు ఇచ్చిన తీర్మానం ఒకే పుస్తకంలో ఆరు పేజీల తేడాలో ఉన్నాయి. రెంటి కిందా మా అందరి సంతకాలు ఉన్నాయి.

ఆ ఆగస్టులో కూర్చుని లెక్క తీశాం. మా పుస్తకంలో "వైద్యం" అని, "ఇల్లు" అని రాసి ఇచ్చిన అప్పులన్నీ ఒక కాగితం మీద ఎక్కించాం. ఒక్కటీ ముందు జాగ్రత్తకు ఇచ్చింది కాదు. అన్నీ జరిగిపోయాక ఇచ్చినవే. అప్పుడు ఒక తీర్మానం చేసుకున్నాం. ఐదు వేల లోపు ఇంటి మరమ్మతు అప్పు, పాత వాయిదా ఉన్నా సరే, అడిగిన మీటింగులోనే ఇవ్వాలి. ఇచ్చే ముందు ఇద్దరు సభ్యులు వెళ్లి ఇల్లు చూడాలి. పని అయ్యాక మళ్లీ చూడాలి. ఇంతే.

ఇల్లు చూడటం అనేసరికి గొడవ మొదలైంది. ఎవరికైనా వంటింట్లోకి ఇంకొకరు వచ్చి అటక కింద, పొయ్యి వెనక తొంగి చూస్తే ఇష్టం ఉంటుందా? "మా ఇంట్లో గిన్నెలు తోమి లేవు, రేపు రండి" అన్నవాళ్లు కొందరు. "మీరెవరు చూడటానికి" అన్నవాళ్లు కొందరు. అందుకని ముందు లీడరు ఇల్లే చూడమన్నాం. చూశారు. మా ఇంట్లోనే ఎక్కువ తప్పులు దొరికాయి! గ్యాసు ట్యూబు ఎప్పుడు మార్చామో మాకే గుర్తు లేదు. ఫ్యూజు కట్టలో సన్న తీగ బదులు లావు రాగి పోగులు చుట్టి ఉన్నాయి. మెట్ల కింద పాత టైర్లో నీళ్లు, అందులో తోకపురుగులు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత మిగతా ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి.

ఇక అసలు సంగతులు చెబుతాం. మాకు చెప్పింది ఊళ్లో వైరింగు పని చేసే అబ్బాయి, ఆశా చెల్లెలు, గ్యాసు బండ తెచ్చే అతను, తాపీ మేస్త్రి. వాళ్లను అడిగి, మా కళ్లతో చూసి నేర్చుకున్నవి.

మొదట కరెంటు. మన ఊళ్లో సముద్రపు గాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మనకు తెలుసు. తలుపు గడియ రెండేళ్లకే పొడిపొడి అవుతుంది. అదే గాలి స్విచ్ బోర్డు లోపలికి, మీటరు దగ్గరి స్క్రూలకు, ఎర్త్ తీగకు కూడా పోతుంది. బయటికి కనపడదు కాబట్టి మనం పట్టించుకోం. ఎర్త్ తీగ భూమిలో తుప్పు పట్టి తెగిపోయిన ఇళ్లు మా సంఘంలోనే కొన్ని దొరికాయి. పైన తీగ చక్కగా ఉంది, మట్టి తవ్వితే కింద ఏమీ లేదు.

చాలామందిమి అనుకునేది ఏంటంటే, ఫ్యూజు ఉంది కదా, షాకు కొడితే ఫ్యూజు పోతుంది అని. కాదంట. ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండా, మనిషిని కాపాడటానికి కాదు. మనిషిని చంపడానికి సరిపోయే కరెంటు, ఫ్యూజుకు చీమ కుట్టినంత కూడా కాదు. అందుకనే ఆ రోజు ఆ ఇంట్లో ఫ్యూజు పోలేదు. మనిషి కోసం వేరే పెట్టె ఉంది. ఆర్.సి.సి.బి. అంటారు, కొందరు ఎలక్ట్రీషియన్లు పాత అలవాటున ఇ.ఎల్.సి.బి. అంటారు. కొట్లో 30 మిల్లీ ఆంపియర్లది అని అడగాలి. కరెంటు ఎక్కడైనా దారి తప్పి మనిషి గుండానో గోడ గుండానో భూమిలోకి పోతుంటే అది రెప్పపాటులో ఇంటి మొత్తం కరెంటు ఆపేస్తుంది. మేం కొన్నప్పుడు రెండు వేల లోపే అయింది. దాని మీద టెస్ట్ అని ఒక బొత్తాం ఉంటుంది, నెలకొకసారి నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది చెడిపోయినట్టు. మీటింగు రోజు గుర్తు పెట్టుకుని నొక్కండి. పొదుపు కట్టే రోజు మనం మర్చిపోం కదా.

రెండోది, ఇవాళ ఇంటికెళ్లగానే చేయాల్సిందీ, పైసా ఖర్చు లేనిదీ ఒకటి ఉంది. ఇనుప తీగ దండేలు తీసేయండి. దండెం తీగ ఒక కొస రేకుల గుంజకు, ఇంకో కొస కరెంటు పైపుకు కట్టి ఉన్న ఇళ్లు ఈ సభలో ఎన్ని ఉన్నాయో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. వర్షాకాలంలో పేపరు తీస్తే బట్టలారేస్తూ షాకు కొట్టి చనిపోయిన ఆడవాళ్ల వార్త ఎక్కడో ఒకచోట ఉంటుంది. మనకు నైలాను తాడుకు కరువా? ప్రతి ఇంట్లో వల తాడు ముక్కలు మూరల కొద్దీ పడి ఉంటాయి. అది కట్టండి, చెక్క గుంజకో చెట్టుకో కట్టండి.

ఇంకొకటి. చెట్టు కొమ్మ వైర్ల మీద పడితే మనవాళ్లు గెడకర్ర తీసుకుని బయలుదేరతారు. వద్దు. 1912కి ఫోను చేయాలి, లైన్‌మన్ వచ్చి లైను ఆపాక కొట్టాలి. తెగిన తీగ నేల మీద ఉంటే కరెంటు ఉందో లేదో చూద్దామని దగ్గరికి పోకూడదు, తడి నేల మీద అసలు పోకూడదు.

తర్వాత నిప్పు. గ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలాగా నేల మీద పరుచుకుంటుంది. మన ఇళ్లలో చాలాచోట్ల కింద కూర్చుని వండటం అలవాటు కాబట్టి స్టవ్ నేల మీదే ఉంటుంది, బండ పక్కన నిలబడి ఉంటుంది. లీకైన గ్యాసు సరిగ్గా మంట ఉన్న ఎత్తుకే చేరుతుంది. స్టవ్ బండ కన్నా ఎత్తులో, గట్టు మీద ఉండాలి. నాలుగు ఇటుకలు, ఒక నాపరాయి ఉంటే గట్టు అవుతుంది. ఈ పనికి మా సంఘంలో అప్పు తీసుకున్నవాళ్లు ముగ్గురు. ముగ్గురికీ ఇప్పుడు నడుం నొప్పి కూడా తగ్గిందట, అది లాభం.

నారింజ రంగు ట్యూబు మీద తేదీ ముద్ర ఉంటుంది. ఐదేళ్లకు మార్చాలి. ఎలక కొరికితే ఐదు రోజులకైనా మార్చాలి. బండ మెడ కింద లోపలి పట్టీ మీద ఒక అక్షరం, రెండు అంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. బి-27 అని ఉంటే ఆ బండను 2027 జూన్ లోపు మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. తేదీ దాటిన బండ ఇస్తే తీసుకోవద్దు, మార్చమని అడగండి. సీలు తీశాక లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూసి, తెచ్చినతని ముందే సబ్బు నురగ పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు కొందరికి ఉంది. దండం పెట్టి చెబుతున్నాం, వద్దు.

రాత్రిపూట వాసన వస్తే లైటు వేయాలనే చెయ్యి ముందుకు పోతుంది. వేయకూడదు. వెలుగుతున్నది ఆర్పకూడదు కూడా. స్విచ్‌లో పుట్టే చిన్న మెరుపే చాలు. రెగ్యులేటరు కట్టేయాలి, తలుపులు కిటికీలు తీయాలి, పిల్లల్ని బయటికి తీసుకుపోవాలి, బయటికి వచ్చాక 1906కి ఫోను చేయాలి. మంట లేస్తే 101. బూరెల మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, నూనె చిమ్మి చీరకు అంటుకుంటుంది. స్టవ్ ఆపి మూకుడు మీద మూత పెట్టేయడమే. ఒళ్లు కాలితే మామూలు నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. పేస్టు, సిరా, పసుపు, కోడిగుడ్డు ఇవేవీ పూయకూడదు. డాక్టరు అవన్నీ మళ్లీ గీకి తీయాలి, ఆ నొప్పి బిడ్డకే.

తాటాకు ఇళ్లు ఇంకా ఉన్న వీధుల వాళ్లకు ఒక మాట. పొయ్యి బూడిద పెంట మీద పోసే ముందు నీళ్లు చల్లడం మన అత్తలు చేసేవాళ్లు. మనం మానేశాం. మే నెల గాలికి ఆ బూడిదలో ఉన్న ఒక్క నిప్పురవ్వ చాలు. దోమల చక్రం మంచం కింద పెట్టుకుని పడుకోవడం, దీపావళికి చూరు దగ్గరే చిచ్చుబుడ్లు వెలిగించడం, ఇవీ అంతే. మొన్నటి దీపావళికి మా వీధిలో ఇసుక బస్తాలు, నీళ్ల డ్రమ్ము, కప్పు లాగడానికి కొక్కెం కట్టిన గెడ పెట్టాం. అవసరం రాలేదు. పిల్లలు ఆ ఇసుకలో ఆడుకున్నారు.

నీళ్ల సంగతి. సముద్రం పక్కన ఉన్నాం, బోరు కాస్త లోతుకు పోతే ఉప్పు నీళ్లే. అందుకని తాగే నీళ్లు, వంట నీళ్లు పట్టి దాచుకుంటాం. గాబులు, గోళేలు, డ్రమ్ములు, బిందెలు. దాచిన నీళ్లే మనకు ప్రాణం, దాచిన నీళ్లే డెంగీ దోమకు పురిటి గది. ఈ దోమ మురికి కాలవలో పెట్టదు, మంచి నీళ్లలోనే పెడుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు. అందుకనే శుక్రవారం డ్రై డే అని ఆశా వర్కర్లు వచ్చి చెబుతున్నారు. వారానికొకసారి వంచేస్తే దానికి రెక్కలు రావు.

కానీ వంచితే సరిపోదు అని మాకు ఈ ఏడే తెలిసింది. గుడ్లు నీళ్లలో తేలవు, నీళ్ల గీత పైన గాబు గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు పోస్తే పిల్లలవుతాయి. కాబట్టి పీచు పెట్టి గోడను రుద్దాలి. రుద్దాక నీళ్లు పట్టి, మూత లేకపోతే పాత చీరైనా బిగించి కట్టాలి. కొబ్బరి చిప్పలు, టైర్లు, ఫ్రిజ్ వెనక నీళ్ల పళ్లెం, పక్క స్థలంలో పడేసిన థర్మోకోల్ చేపల పెట్టెలు చూడండి. ఆ పెట్టెలు మన ఊరికి ప్రత్యేకం. ఒక్కో పెట్టెలో వాన పడితే ఒక చెరువే.

తాగే నీళ్లకు క్లోరిన్ బిళ్లలు ఇస్తారు. ఎన్ని లీటర్లకు ఒకటో ప్యాకెట్టు మీద ఉంటుంది, వేశాక అరగంట ఆగి తాగాలి. బావికో, సంపుకో అయితే బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్క. గుప్పెళ్ల కొద్దీ చల్లేయకూడదు. ముందు బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి పేరుకున్నాక పై తేట పోయాలి, గంట ఆగాలి. మూత తెరిచి ఉంచిన పాత పొడిలో చేవ ఉండదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం పొట్లం సగం గ్లాసులో కాదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

వరద నీళ్లు ఇంట్లోకి వస్తే ఎట్లా ఉంటుందో 2024 సెప్టెంబరులో చూశాం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగాయి. రేపల్లె వైపు లంక ఊళ్లు మునిగాయి. అటు విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, బురద కడగడానికి అగ్నిమాపక బండ్లు తేవాల్సి వచ్చింది. మాలో ఒకామె పుట్టిల్లు లంకలో. ఆమె చెప్పింది, నీళ్లు తీశాక అందరూ చేసిన మొదటి పని ఫ్యాను వేయడం, ఇల్లు ఆరుతుందని. గోడ బోర్డులో ఇంకా తడి ఉంటే ఏమవుతుందో మీకే తెలుసు. మెయిన్ కట్టేసి ఉంచి, ఎలక్ట్రీషియన్ చూశాకే వేయాలి. బురద ఎత్తేటప్పుడు కాళ్లకు పుండ్లు ఉంటే చెప్పులు, బూట్లు వేసుకోవాలి. ఎలకల మూత్రం కలిసిన నీళ్లు పుండులోకి పోతే జ్వరం, కామెర్లు వస్తాయి. కట్టెల మోపు ఒట్టి చేత్తో ఎత్తకూడదు, నీళ్లకు భయపడి పాములు అందులోనే చేరతాయి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటు మందు, ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108.

ఇక ఇంటి కప్పు. మన పెద్దవాళ్లు 1977 నవంబరు 19 అంటే ఇప్పటికీ ఉలిక్కిపడతారు. దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 1990 మే 9న అంతే పెద్ద తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోట, అంటే మనకు పక్కనే, తీరం దాటింది. అప్పుడు పోయినవాళ్లు వెయ్యి లోపు. గాలి తగ్గలేదు. ముందే చెప్పారు, షెల్టర్లు కట్టి ఉన్నాయి, జనాన్ని తరలించారు. ముందు చేసిన పనికి అంత తేడా ఉంది. అది ప్రభుత్వం చేయగలిగిన పని. రేకు బోల్టు బిగించడానికి మాత్రం ప్రభుత్వం రాదు.

రేకుల మీద రాళ్లు పెట్టడం మనకు అలవాటు. గాలికి రేకు లేస్తే రాయి ముందు మన నెత్తి మీదే పడుతుంది. జె-బోల్టులు తుప్పు పట్టాయా, వాషర్లు ఉన్నాయా చూసి మార్పించాలి. సిమెంటు రేకును కోయాల్సి వస్తే తడిపి కోయాలి, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తాటాకు కప్పు మీద పాత వల పరిచి నాలుగు వైపులా గుంజలకు బిగించడం మన మత్స్యకారులకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ పోయిన తుఫానుకు ఎంతమందిమి కట్టాం? వలలు ఉన్నాయి, చేయాలనే ఆలోచన లేదు.

స్లాబు ఇళ్ల వాళ్లు మాకేం భయం అనుకోవద్దు. సముద్రపు ఇసుకతో కట్టిన చోట ఉప్పు చెమ్మ వస్తుంది, లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, స్లాబు పెచ్చు ఊడుతుంది. పైపైన సిమెంటు మెత్తితే ఏడాదికి మళ్లీ ఊడి, ఈసారి ఊయలలో బిడ్డ మీద పడుతుంది. ఊచ దాకా చెక్కి, తుప్పు బ్రష్షుతో రుద్ది, తుప్పు పట్టని రంగు వేసి, అప్పుడు మెత్తాలి అని మేస్త్రి చెప్పాడు. ఐదు వేలలో ఈ పని పూర్తిగా కాదు, కొంత కొంత చేయించుకోవాలి.

ఆధార్, పాసు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంచుకోండి. మిచాంగ్ రోజు మేం షెల్టరుకు పరుగెత్తేటప్పుడు సంఘం తీర్మానాల పుస్తకం ఇంట్లోనే మర్చిపోయాం. నిజం చెబుతున్నాం.

ఆగస్టు నుంచి ఇప్పటిదాకా అప్పు సంగతి ఎట్లా నడిచిందో కూడా చెప్పాలి. అంతా బాగుందని చెప్పం. ఒకామె వైరింగు అని తీసుకుని కూతురికి గాజులు కొన్నది. రెండోసారి చూడటానికి పోతే దొరికిపోయింది. "వైరింగు ఎవరికి కనపడుతుంది అక్కా, గాజులైతే పెళ్లిలో కనపడతాయి" అంది. కోపం వచ్చింది గానీ అందులో నిజం లేకపోలేదు. ఆమె వాయిదాలు సక్రమంగా కడుతోంది, వైరు మాత్రం అట్లానే ఉంది. ఇంకొకామె అద్దె ఇంట్లో ఉంటుంది, "నా డబ్బుతో వాళ్ల ఇల్లు ఎందుకు బాగుచేయాలి" అని అడిగింది. మాకు జవాబు దొరకలేదు. ఇంటి ఓనరును అడిగి అద్దెలో కోసుకోమని చెప్పాం, అతను ఇంకా సరే అనలేదు. మిగతావాళ్లవి పనులు అయ్యాయి. వాయిదాలు ఆగలేదు. రేకుకు అప్పిస్తే ఎట్లా తిరిగి వస్తుంది అని అడిగామే, పాత అప్పుల్లాగానే వస్తోంది.

ఇప్పుడు సమాఖ్యను అడిగేది రెండే. ఒకటి, ఇంటి మరమ్మతు అప్పును ఇల్లు కట్టుకునే అప్పుతో కలపకుండా, చిన్నదిగా, వేరే వరసలో పుస్తకంలో రాసుకోవడానికి అన్ని సంఘాలకూ చెప్పండి. రెండు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మగవాళ్లు ఒడ్డునే ఉంటారు, వల అల్లుకుంటూ, పేకాడుకుంటూ ఉంటారు. ఎండలు ఉంటాయి, గోడలు ఆరి ఉంటాయి, నిచ్చెన ఎక్కే చేతులు ఖాళీగా ఉంటాయి. బోటుకు రంగు వేసి, ఇంజను విప్పి బాగుచేసుకునేది ఆ రోజుల్లోనే కదా. ఇంటిని కూడా ఆ రోజుల్లోనే చూడాలి. అందుకని మరమ్మతు అప్పులు ఏప్రిల్ మొదటి మీటింగులో ఇచ్చేటట్టు గ్రామ సమాఖ్యలు తీర్మానం చేస్తే, అక్టోబరు తుఫాన్లకు ముందు పని అయిపోతుంది.

మేం ఇళ్లు చూడటానికి వాడిన కాగితం జెరాక్సు తీయించి తెచ్చాం. వెనక టేబులు దగ్గర మా వి.ఓ.ఏ. చెల్లెలి దగ్గర ఉన్నాయి. ఊరికి ఒకటి తీసుకెళ్లండి. అందులో మొదటి వరస దండెం తీగ. ఆ వరస ఆమె రాయించింది.